దొరతాత కాళ్ళ దగ్గర

1991 ఆగస్టు పదకొండు, ఆదివారం. ఆ పొద్దున జీవిత రెండు ఇడ్లీలు, వడకర్రి తిన్నది. పక్కింటి పొన్నుతాయి అరిటాకులో కట్టించుకొచ్చి ముందు పెట్టి, తినేదాకా గోడవైపు తిరిగి కూర్చుంది. ఒక్క ఓదార్పు మాట అనలేదు. ఆ అనకపోవడం ఎంత మేలు చేసిందో జీవితకు చాలా ఏళ్ళ తరవాత గానీ తెలియలేదు. అప్పటికి కాసేపటి ముందే ఆమె మొగుడు మాదయ్య, చర్చి ఫాదరు కలిసి, పేరు పెట్టి వారం కూడా కాని రూతును తీసుకెళ్ళి దొరతాత కాళ్ళ దగ్గర పడుకోబెట్టి వచ్చారు.

మద్రాసు రాయపురంలో రేవుగోడకు ఆనుకొని పాత సమాధుల తోట ఒకటుంది. ఓడల్లో వచ్చి జ్వరాలకూ గుండ్లకూ పోయిన తెల్లవాళ్ళ కోసం కంపెనీ కాలంలో వేసిన తోట అది. తెల్లవాళ్ళు వెళ్ళిపోయాక చుట్టుపక్కల వీధుల క్రైస్తవులకు దక్కింది. చోటు తక్కువ, చావులు ఎక్కువ. అందుకని చాలా ఏళ్ళు ఎవరూ రాని సమాధిని మళ్ళీ తెరిచి ఇంకొకరిని పెట్టడం అక్కడ మామూలే. పసిబిడ్డల విషయంలో మటుకు ఆ వీధులకు ఇంకో పద్ధతి ఉంది. పసిబిడ్డను ఒంటరిగా పూడ్చరు. చీకట్లో జడుసుకుంటుందని, ఎవరైనా పెద్దల కాళ్ళ దగ్గర పడుకోబెడతారు. మాదయ్య పెద్దలంతా నెల్లూరు పక్క మట్టిలో ఉన్నారు. ఫాదరు తోటంతా కలయతిరిగి, రెండొందల ఏళ్ళనాటి ఒక నావికుడి సమాధి చూపించాడు. ఆయన కోసం ఎవరూ వచ్చిన గుర్తు లేదు.

బిడ్డ ఎవరి కాళ్ళ దగ్గర పడుకుంటే వాళ్ళు ఆ ఇంటివాళ్ళే అయిపోతారు. అదీ ఆ పద్ధతిలో భాగమే. అప్పటినుంచి ఆయన వాళ్ళకు దొరతాత. నవంబరులో చచ్చిపోయినవాళ్ళ పండగనాడు జీవిత ఆయనకొక కొవ్వొత్తి, రూతుకొక కొవ్వొత్తి వెలిగించేది. ఆయన రాతి శిలువకు సున్నం వేయించేది. ఆస్పత్రిలో ఆయాగా చేసి రిటైరయ్యాక ప్రతి శనివారం వెళ్ళి చుట్టూ ఊడ్చి వచ్చేది. కాళ్ళ దగ్గర జానెడెత్తు సిమెంటు శిలువ ఒకటుంది. దాని మీద పేరు లేదు. ఎవరిదని అడిగినవాళ్ళూ లేరు.

ఈ సంవత్సరం ఫిబ్రవరిలో అడిగేవాళ్ళు వచ్చారు.

ముందు వచ్చినవాడు వెంకట్రామ్. మింట్ వీధిలో తాతలనాటి స్టీలు పాత్రల కొట్టును తమ్ముడి నెత్తిన పెట్టి, ఊరి వారసత్వాన్ని కాపాడే పని తలకెత్తుకున్న పెద్దమనిషి. ఖద్దరు జుబ్బా, మెడలో కెమెరా. పాత గోడ కనిపిస్తే చాలు, దాన్ని కట్టిన కూలీ చచ్చినా పడనంత బాధ ముఖంలో పెట్టేవాడు. ఆ గోడ కింద కాపురముండేవాళ్ళు మటుకు ఆయన ఫోటోలకు అడ్డం. దొరతాత రాతిమీది పరాయి అక్షరాలను చదివించుకొని, ఈయన ఫలానా దేశపు నావికా వీరుడని తేల్చి, ఆ దేశపు రాయబారికి ఉత్తరం రాశాడు. అక్కడ ఎవరో మంత్రికి అప్పుడే ఒక వీరుడి అవసరం పడింది. స్నేహయాత్ర మీద వాళ్ళ యుద్ధనౌక చెన్నైకి వస్తోంది కాబట్టి, వీరుడి ఎముకలను అందులోనే ఇంటికి తీసుకుపోతామన్నారు.

అంతే, రేవూ సెక్రటేరియటూ ఒక్కటై పరుగులెత్తాయి. కాగితాల్లో ఆ దేశానికి పేరు లేదు. మిత్రదేశం అని రాశారు. పేరు రాస్తే ఇంకో మిత్రదేశం ఏమనుకుంటుందోనని. ఎందుకంటే దొరతాత చచ్చింది ఆ ఇంకో మిత్రదేశపు ఫిరంగికి. చచ్చినవాడి స్నేహితులు రాతిమీద ఊరుకోకుండా, కుక్కలవంటి శత్రువుల దొంగదెబ్బకు నేలకొరిగాడని ఒక వాక్యం చెక్కించి పెట్టారు. ఆ కుక్కలవంటివారి కాన్సల్ కూడా ఇప్పుడు ముఖ్య అతిథుల్లో ఉన్నాడు.

ఆ శనివారం జీవిత ఊడుస్తూ ఉండగానే, వేపచెట్టు కింద కుర్చీలు వేసుకొని అధికారులు ఆ ఒక్క వాక్యాన్ని ఎట్లా దాచాలా అని మధ్యాహ్నం దాకా మాట్లాడారు. గుడ్డ కప్పుదామన్నారు. ఎర్రగుడ్డ అయితే ఒక దేశపు జెండా రంగు, నీలం అయితే రెండోదానిది. తెల్లగుడ్డ కప్పితే లొంగిపోయినట్టుంటుందని నేవీ నుంచి వచ్చినాయన అభ్యంతరం. పచ్చగుడ్డ అనేసరికి ఒకరి ముఖం ఒకరు చూసుకొని, ఎందుకొచ్చిన గొడవ అని వదిలేశారు. చివరికి పూలకుండీ అడ్డం పెడదామని తీర్మానించి, ఒక యుద్ధం ఆపినంత అలసటతో బోండాలు తిన్నారు. చదువుకున్న మగవాళ్ళు ఇంతమంది కలిసి ఒక రాతికి ఇంత భయపడటం జీవిత ఎన్నడూ చూడలేదు. ఆస్పత్రిలో పెద్ద డాక్టరు రౌండ్సుకు వచ్చే ముందు దుప్పట్లు సర్దిన గడబిడే ఇది కూడా. రోగి ఎట్లా ఉన్నాడని ఎవరికీ పట్టదు, దుప్పటి ముడత పోవాలి.

వాళ్ళ మాటల్లోనే తెలిసింది, గురువారం తెల్లవారుజామున సమాధి తవ్వుతారని.

చీపురు చెట్టుకు ఆనించి, చేతులు కడుక్కొని, జీవిత వెంకట్రామ్ దగ్గరికి వెళ్ళింది. తన బిడ్డ ఆయన కాళ్ళ దగ్గర ఉందని నెమ్మదిగా చెప్పింది. వెంకట్రామ్ ముందు సరిగ్గా వినలేదు. విన్నాక చుట్టూ చూసి, ఆమెను మోచెయ్యి పట్టుకొని చెట్టు వెనక్కి తీసుకెళ్ళాడు.

"ఏమ్మా, ఏం చెప్తా ఉండావు నువ్వు? ఆ సమాధి తెరిచినారా?"

"తెరిచే కదా సార్ పెట్టేది. ఈడ అందరూ అంతే."

"ఇంకెవురికన్నా చెప్పినావా?"

చెప్పలేదంది. ఆయన ముఖంలోకి కొంచెం రక్తం తిరిగొచ్చింది. ఆ తరవాత వెంకట్రామ్ చాలాసేపు చాలా మెత్తగా మాట్లాడాడు. వాళ్ళ వీరుడి సమాధిలో వేరే ఎముకలు ఉన్నాయని మిత్రదేశానికి తెలిస్తే అపచారం అంటారట. వాళ్ళ పార్లమెంటులో ప్రశ్న వేస్తారట. మన ప్రభుత్వం తలదించుకోవాలట. ఇంత పని చేసి తన పేరూ పోతుందని మటుకు పైకి అనలేదు. మనుషులు రాకముందే బిడ్డను తీయించి, ఒక పెట్టెలో పెట్టి, గొడవ సద్దుమణిగాక ఎక్కడైనా మంచి చోట పాలరాతితో కట్టిస్తానన్నాడు.

"ఎక్కడైనా అంటే యాడ సార్? ఎవరి దగ్గర?"

"ఎవరి దగ్గర ఏందమ్మా? చోటు చాలదా?"

అంత చదువుకున్నవాడికి ఆ ప్రశ్న ఎందుకు అడుగుతున్నదో అర్థం కాలేదు. ఇది రెండు దేశాల విషయమనీ, నోరు మెదపొద్దనీ, ఆ రోజుల్లో తోట పక్కకు రావద్దనీ చెప్పి, జేబులోంచి రుమాలు తీసి, ఆమె మోచెయ్యి పట్టుకున్న చెయ్యి తుడుచుకున్నాడు. ఆ తుడుచుకోవడం కూడా కావాలని చేసింది కాదు. అందుకే ఆమెకు ఇంకా అసహ్యం వేసింది.

ఇంటికి వచ్చి మాదయ్యకు చెప్పింది. మాదయ్య ముప్పై ఏళ్ళు రేవులో క్రేన్ల దగ్గర పనిచేసి, ఆ హోరుకు చెవులు సగం పోగొట్టుకున్నవాడు. ఆమె రెండుసార్లు చెప్పవలసి వచ్చింది. బిడ్డను తవ్వి పెట్టెలో పెడతారన్నప్పుడు లేచి చొక్కా కోసం వెతికాడు. ఎక్కడికని అడిగితే తెలియదన్నాడు. మళ్ళీ కూర్చుని చాలాసేపు తలగోక్కున్నాడు.

"మే, వస్తా ఉండేది ఆయనవైపు వాళ్ళే గదా?"

"ఎవురివైపు?"

"దొరతాతవైపు. ఇన్నేళ్ళుగా మన బిడ్డను చూసుకుంటా ఉండాడు ఆయన. ఆయన ఇంటోళ్ళు ఓడెక్కి వస్తా ఉంటే, మనం ఒక టీ చుక్కన్నా పోయొద్దా? వాళ్ళనే అడుగుదాం పా. మధ్యలో ఈ మింట్ వీధి సెట్టి ఎవుడు?"

జీవిత అతన్ని తేరిపార చూసింది. పెళ్ళయి నలభై ఏళ్ళవుతున్నా ఈ మనిషి బుర్రలోంచి పనికొచ్చే మాట రావడం ఆమెకు ఇప్పటికీ ఆశ్చర్యమే. నిజమే, వచ్చేవాళ్ళు మిత్రదేశమూ కాదు, ఇంకోటీ కాదు. వియ్యాలవారి లాంటి చుట్టాలు. చుట్టాలతో మాట్లాడటానికి మధ్యలో దళారి ఎందుకు?

మంగళవారం యుద్ధనౌక రేవుకు వచ్చింది. బూడిదరంగు, పైనంతా ముళ్ళు. అది వచ్చే దారిలో అలలు కూడా సర్దుకొని ఉండాలన్నట్టు, కాసిమేడు పడవలను రెండు రోజులు కదలనివ్వలేదు. స్నేహం అంటే ఏమిటని ఆ రెండు రోజులు చేపలమ్ముకునే ఆడవాళ్ళను అడిగి ఉంటే, అచ్చువేయడానికి వీల్లేని అర్థాలు చెప్పేవాళ్ళు.

మరునాడు పొద్దున ఓడ నుంచి ఒక ఆఫీసరు చోటు చూసుకోవడానికి తోటకు వచ్చాడు. తెల్లటి ఇస్త్రీ బట్టలు, ఎండకు టమాటోలాగా కమిలిన ముఖం. వెంట వెంకట్రామ్, ఒక దుబాసీ, ప్రోటోకాల్ విభాగం నుంచి శ్రీప్రియ అనే అమ్మాయి. విజయవాడ పిల్ల, ఉద్యోగానికి వచ్చి రెండేళ్ళే అయింది. జీవిత, మాదయ్య టీ ప్లాస్కుతో వచ్చేసరికి గేటు దగ్గర పోలీసులు ఉన్నారు. వాళ్ళలో ఉన్న ఆడపోలీసు జీవిత ప్లాస్కు మూత తీసి వాసన చూసింది. అల్లం వేశావా అని అడిగింది. వేశానంటే, పో అక్కా అని పక్కకు జరిగింది. ఆ రోజు మొత్తం మీద ప్రభుత్వం తరఫున జరిగిన తెలివైన పని అదొక్కటే.

జీవిత చీర కొంగు సర్దుకొని, స్టీలు గ్లాసులో టీ పోసి ఆఫీసరు చేతికిచ్చింది. చుట్టాన్ని చూసినట్టు నవ్వింది. ఆయన కూడా నవ్వాడు, ఇది స్వాగత కార్యక్రమంలో భాగమనుకొని. మాదయ్య కొంచెం వెనకగా, చేతులు కట్టుకొని నిలుచున్నాడు.

వెంకట్రామ్ పరుగున వచ్చాడు. అంతలోనే ఆమె ఆస్పత్రిలో నేర్చుకున్న ఇంగ్లీషులో చెప్పేసింది.

"సార్, మై బేబీ ఆల్సో దేర్. హిస్ లెగ్ సైడ్ స్లీపింగ్. యూ టేక్ హిమ్, మై బేబీ ఎలోన్."

ఆఫీసరు టీ తాగడం ఆపి వెంకట్రామ్ వైపు చూశాడు. పాపం మతి సరిగా లేని మనిషి, రోజూ ఇక్కడే తిరుగుతుంటుందని వెంకట్రామ్ చక్కటి ఇంగ్లీషులో చెప్పాడు. దుబాసీ నేలచూపులు చూశాడు. తన జీతంలో ఈ వాక్యం లేదన్నట్టు. ఆఫీసరు జాలిగా తలూపి, గ్లాసు తిరిగి ఇవ్వబోయాడు.

అప్పుడు శ్రీప్రియ ఫైలు చంకలో పెట్టుకొని ముందుకొచ్చింది. వెంకట్రామ్ వైపు చూడలేదు.

"అమ్మా, ఆయనకి సరిగ్గా వినపడలేదండి. మీరు మళ్ళీ ఒకసారి చెప్పండి. తెలుగులోనే చెప్పండి, నేను చెప్తాను."

ఈ గొడవ మొదలయ్యాక జీవితను మీరు అన్నది ఆ పిల్ల ఒక్కతే. జీవిత ఆ పిల్లవైపు తిరిగింది. మొత్తం చెప్పింది. ఆ ఆగస్టు ఆదివారం సంగతి, ఒంటరిగా పడుకోబెట్టని పద్ధతి, ఇన్నేళ్ళ సున్నం, కొవ్వొత్తులు.

"మీవాడు మంచోడు సార్. మా బిడ్డను బాగా చూసుకున్నాడు. తీసుకపోతామంటే మీ ఇష్టం, మీ ఇంటి మనిషి. తీసుకపోతే ఇద్దర్నీ తీసుకపోండి. విడదీయొద్దు. అది ఆయన దగ్గరే పెరిగింది."

శ్రీప్రియ ఒక్క మాట తగ్గించకుండా, ఒక్క మాట కలపకుండా చెప్పింది. ఆఫీసరు ముఖం ఎరుపు తగ్గి సుద్దముక్కలాగా అయింది. జీవిత ఆ ముఖంలో దుఃఖం వెతికింది, దయ వెతికింది. కనీసం కోపమన్నా వెతికింది. వెంకట్రామ్ ముఖంలో చూసిందే కనిపించింది. ఎవరికి ఫోన్ చేయాలి అన్న భయం. వీళ్ళు దేశాలు దాటి వచ్చినా ఒకే ఇంటివాళ్ళు అని ఆమెకు అనిపించింది. ఆయన ఆమె చేతిని మర్యాదగా తాకి, పక్కకు వెళ్ళి ఫోన్ చేశాడు. టీ సగం మిగిలిపోయింది.

ఆ రోజు సాయంత్రందాకా రెండు దేశాల పెద్దలు ఒక పసిబిడ్డ గురించి మాట్లాడుకున్నారు. ఆ బిడ్డ బతికుండగా ఆస్పత్రిలో మంచం దొరకని సంగతి ఎవరికీ తెలియదు కాబట్టి, ఎవరూ సిగ్గుపడలేదు. ఇద్దరినీ పంపాలంటే భారతదేశపు పౌరురాలిని యుద్ధనౌకలో విదేశానికి పంపినట్టవుతుంది, ఏ శాఖ అనుమతి అని మనవాళ్ళు. గుర్తు తెలియని అవశేషాలను మా జెండా కింద ఎట్లా కప్పుతాం అని వాళ్ళు. వేరు చేద్దామంటే ఏది ఎవరిదో పరీక్షలకు పంపాలి. పంపితే సమాధి తెరిచిన సంగతి బయటపడుతుంది. బయటపడితే ఇంకో మిత్రదేశం నవ్వుతుంది. తల్లి పత్రికలవాళ్ళతో మాట్లాడితే అని ఒకరు అనగానే అందరూ ఒక్కసారి చల్లబడ్డారట. ఈ సంగతులన్నీ తరవాత శ్రీప్రియ చెప్పింది. అప్పుడు ఒక పిడికెడు మట్టి తీసుకెళ్తే ఎట్లా ఉంటుందని తనే అడిగిందని కూడా చెప్పింది. వీరుడు నిద్రించిన నేల. ఎముకలు కదపక్కర్లేదు. రెండువైపులా పెద్దవాళ్ళు ఆ మాటను తమదే అన్నట్టు పట్టుకొని, ఒకరినొకరు అభినందించుకున్నారు.

పిరికితనం కూడా మేలు చేస్తుందని జీవితకు అప్పుడు తెలిసింది. దేవుడు ఎవరి చేత ఏ పని చేయిస్తాడో, వాళ్ళ ముఖాలు చూసి చెప్పలేం.

గురువారం షామియానా వేశారు. బ్యాండు వచ్చింది. ఇంకో మిత్రదేశపు కాన్సల్‌ను రాయి కనిపించనివైపు కూర్చోబెట్టారు. ఆయన అయినా ఫోన్లోంచి తల ఎత్తలేదు. పూలకుండీ ఆ వాక్యానికి కాపలా కాసింది. శ్రీప్రియ పట్టుపట్టి జీవితకూ మాదయ్యకూ చివరి వరుసలో కుర్చీలు వేయించింది. సిమెంటు శిలువ ఉన్నచోటే ఉంది. దాన్ని చూడకుండా ఉండటానికి పెద్దమనుషులందరూ పడుతున్న శ్రమ చూడముచ్చటగా ఉంది.

ఆ సమాధిని ఇన్నాళ్ళు ఎవరు ఇంత బాగా చూసుకున్నారని ఓడ కెప్టెను మైకులో అడిగాడు. వెంకట్రామ్ గుండెమీద చెయ్యి పెట్టుకొని, మా వారసత్వ సంఘం అన్నాడు. చప్పట్లు కొట్టారు. మాదయ్యకు వినపడక తనూ కొట్టాడు.

తరవాత మఖమలు గుడ్డ మీద వెండి భరిణె తెచ్చారు. మూత తీశారు. జీవిత మెడ సాచి చూసింది. భరిణె నిండా ఎర్రమట్టి ఉంది.

రేవు పక్క తోటలో ఎర్రమట్టి ఎక్కడిది? అక్కడ జానెడు తవ్వితే గవ్వముక్కలు కలిసిన ఇసుక. ఆమె కళ్ళు తోటంతా తిరిగి గోడ మూలకు పోయాయి. గడ్డి పరచడానికి రెడ్‌హిల్స్ నర్సరీ నుంచి తెప్పించిన మట్టిబస్తా మూతి విప్పి ఉంది. సమాధిలోంచి పిడికెడు ఇసుక తీయడానికి కూడా వీళ్ళకు చేతులు రాలేదు. దాంతో ఒక చిన్న ఎముక ఎక్కడ పైకి వస్తుందోనని.

కెప్టెను రెడ్‌హిల్స్ మట్టికి సెల్యూట్ చేశాడు. నావికులు తుపాకులు పైకెత్తారు. బ్యాండువాళ్ళు మిత్రదేశపు గీతం వాయించారు. వెంకట్రామ్ కళ్ళు తుడుచుకున్నాడు. పూలమొక్కల ఎరువు కలిసిన ఆ మట్టి జెండా కప్పుకొని, నలుగురు తెల్లకుర్రాళ్ళ భుజాల మీద, తన జన్మలో ఎరగని గౌరవంతో రేవువైపు సాగిపోయింది.

మాదయ్య ఆమె చెవి దగ్గరికి వంగాడు. తనకు వినపడదు కాబట్టి అందరికీ వినపడదనుకునే మనిషి.

"మే, అది యాడ మట్టి?"

"ఊరుకో."

"దొరతాత ఈడనే ఉండాడు గదా?"

"ఉండాడు."

"బిడ్డ?"

"ఆయన దగ్గరే ఉండాది."

"అయితే పోనీ."

ముందు వరుసలో ఒకరిద్దరు తిరిగి చూశారు. శ్రీప్రియ తల వంచుకొని ఫైల్లో ఏదో వెతికింది. ఆమె భుజాలు కదులుతున్నాయి.

సాయంత్రం కుర్చీలు లారీ ఎక్కాయి. ఇద్దరూ వెళ్ళి సమాధి దగ్గర కొంచెంసేపు కూర్చున్నారు. ఎవరో తొక్కి విరిచిన అగరుబత్తులూ, బోండా కాగితాలూ ఏరి మాదయ్య జేబులో వేసుకున్నాడు. జీవిత సిమెంటు శిలువ చుట్టూ ఇసుక సర్దింది. చల్లగా ఉంది ఇసుక. రేవులోంచి ఓడ కూత వినిపించింది. ఈ కూత మటుకు మాదయ్యకు వినపడింది. చెయ్యెత్తి టాటా చెప్పాడు. ఎంతైనా చుట్టాలు కదా అన్నాడు.

ఇంటికొచ్చి నిన్నటి ఎండుచేపల పులుసు వేడిచేసుకొని తిన్నారు. టీవీలో వార్తలు వస్తున్నాయి. రెండు దేశాల మైత్రిలో కొత్త అధ్యాయం అని వెంకట్రామ్ చెబుతున్నాడు, వెనక దొరతాత శిలువ సగం కనిపిస్తోంది. కింద సిమెంటు శిలువ కనిపించకుండా కెమెరావాడు జాగ్రత్తపడ్డాడు. జీవిత టీవీ కట్టేసింది. మాదయ్య అప్పటికే చాపమీద ఒత్తిగిల్లి నిద్రపోయాడు. ముప్పై ఏళ్ళ క్రేన్ల మోతకు తట్టుకున్న నిద్ర. పిడుగు పడ్డా లేవడు. అయినా ఆమె గడప దగ్గర నిలబడి వీధి అటూ ఇటూ చూసి, తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి, గడియ పెట్టింది. అప్పుడు రెడ్‌హిల్స్ మట్టికి పడ్డ సెల్యూట్ తలుచుకొని, పొద్దున్నుంచి ఆపుకున్న నవ్వంతా నవ్వింది.